రివాల్వర్ తూటా, లీవర్ రైఫిల్: ఇంట్లో నింపిన తూటాలు వాడేవారూ, వారి ఇంటివారూ తెలుసుకోవలసినవి

బళ్లారి, హోసూరు, బరంపురం, సోలాపూర్, యానాం, ఎక్కడ స్థిరపడినా మన కుటుంబాల్లో అమెరికాలో పిల్లలున్న ఇళ్లు చాలానే ఉన్నాయి. అక్కడ కొందరు వారాంతాల్లో రేంజికి వెళ్లి తుపాకీ కాల్చడం సరదాగా నేర్చుకుంటున్నారు. ఇంకో అడుగు ముందుకు వేసినవారు ఖర్చు తగ్గుతుందని తూటాలు గ్యారేజీలో తామే నింపుకుంటున్నారు. పిల్లల్ని చూడడానికి వెళ్లిన పెద్దలు ఆ బల్ల, ఆ త్రాసు, ఆ ఇత్తడి తొడుగులు చూసి కంగారు పడుతున్నారు. కంగారు ఎవరికీ ఉపయోగపడదు. ఏది ప్రమాదమో, ఎందుకు ప్రమాదమో తెలిస్తే నాలుగు ప్రశ్నలు అడగవచ్చు. అందుకే ఈ వివరాలు ఒకచోట పెడుతున్నాం.

ముందుగా రెండు హెచ్చరికలు. ఒకటి, భారతదేశంలో లైసెన్సు లేకుండా ఇంట్లో తూటాలు తయారు చేయడం నేరం. ఈ వ్యాసంలో చెప్పేదంతా అమెరికాలో చట్టబద్ధంగా చేసుకునేవారి గురించే. రెండు, అమెరికాలో కూడా వీసా మీద ఉన్నవారు తుపాకీని గానీ తూటాను గానీ ముట్టుకునే ముందు ఈ వ్యాసం చివర ఉన్న చట్టం భాగం తప్పక చదవాలి. ఎంత మందు పోయాలన్న కొలతలు ఇందులో ఇవ్వడం లేదు. అవి తయారీదారులు అచ్చువేసిన పుస్తకాల నుంచే తీసుకోవాలి.

రెంటికీ ఒకే తూటా ఎందుకు

లీవర్ రైఫిల్ అంటే ట్రిగ్గర్ కింద ఉన్న ఇనుప కొక్కేన్ని కిందికి దించి పైకి లాగితే పాత తొడుగు బయటపడి కొత్త తూటా లోపలికి వెళ్లే తుపాకీ. 1873లో విన్‌చెస్టర్ కంపెనీ తెచ్చిన మోడల్ దీనికి బాగా పేరు తెచ్చింది. దాని .44-40 తూటాకే కోల్ట్ కంపెనీ 1878లో రివాల్వర్ తయారు చేసింది. నడుముకున్న రివాల్వర్‌కూ గుర్రం జీనుకున్న రైఫిల్‌కూ ఒకే తూటాల పట్టీ సరిపోవడం ఆనాటి పశువుల కాపరులకు పెద్ద సౌకర్యం.

ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు. .357 మాగ్నమ్, .44 మాగ్నమ్, .45 కోల్ట్ తూటాలకు మార్లిన్, హెన్రీ, రోసీ, ఉబర్టీ వంటి కంపెనీలు లీవర్ రైఫిళ్లు చేస్తున్నాయి. ఈ పేర్లన్నీ మొదట రివాల్వర్ తూటాలవే. కాబట్టి ‘రివాల్వర్ కోసం నింపినవి రైఫిల్‌లో వేస్తే ఏమవుతుంది? కొలత ఒకటే కదా’ అనుకోవడం సహజం. కొలత ఒకటే. యంత్రం వేరు. చిక్కంతా అక్కడే ఉంది.

తూటాలో ఏమేముంటాయి

తూటాకు నాలుగు భాగాలు. ఇత్తడి తొడుగు, దాని అడుగున మధ్యలో బొత్తాంలా ఉండే ప్రైమర్, లోపల తుపాకీ మందు, పైన బుల్లెట్. హ్యామర్ దెబ్బకు ప్రైమర్ మండి మందును అంటిస్తుంది. ఆ వాయువుల ఒత్తిడి బుల్లెట్‌ను గొట్టం గుండా తోస్తుంది. కాల్చిన తర్వాత తొడుగు మాత్రం మిగులుతుంది. దాన్ని శుభ్రం చేసి, అచ్చులో నొక్కి పాత కొలతకు తెచ్చి, కొత్త ప్రైమర్, మందు, బుల్లెట్ పెట్టడమే తూటా నింపడం. చివరగా తొడుగు అంచును లోపలికి నొక్కి బుల్లెట్‌ను బిగిస్తారు. దీన్ని క్రింప్ అంటారు.

రివాల్వర్‌లో ప్రతి తూటా తన గదిలో ఒంటరిగా ఉంటుంది. పక్కదాన్ని తాకదు. ఎక్కువ లీవర్ రైఫిళ్లలో తూటాలు బ్యారెల్ కింద ఉన్న గొట్టపు మేగజైన్‌లో ఒకదాని వెనక ఒకటి రైలు పెట్టెల్లా ఉంటాయి. వెనక తూటా ముక్కు ముందు తూటా ప్రైమర్ మీద ఆనుకొని ఉంటుంది. స్ప్రింగు వాటిని నిత్యం నొక్కుతూ ఉంటుంది. కింద చెప్పే జాగ్రత్తల్లో సగం ఈ ఒక్క వాస్తవం నుంచి పుట్టినవే.

1. బుల్లెట్ ముక్కు

ముక్కు సూదిగా ఉన్న గట్టి బుల్లెట్‌ను గొట్టపు మేగజైన్‌లో పెట్టకూడదు. తుపాకీ పేలినప్పుడు వెనక్కి తన్నే కుదుపుకు ఆ ముక్కు ముందున్న ప్రైమర్‌ను హ్యామర్‌లాగే కొట్టగలదు. అలా జరిగితే మేగజైన్‌లోనే తూటా పేలుతుంది. ఆ చోట రైఫిల్ పట్టుకున్నవాడి ఎడమ చెయ్యి ఉంటుంది.

ముక్కు చదునుగా ఉండే బుల్లెట్ వాడాలి. ఆ చదును ప్రైమర్ కంటే వెడల్పుగా ఉంటే దెబ్బ ఒకే బిందువు మీద పడకుండా చుట్టూ ఉన్న ఇత్తడి మీద కూడా పరుచుకుంటుంది. గుండ్రని ముక్కు రివాల్వర్‌కు ఇబ్బంది లేదు, రైఫిల్‌కు మాత్రం వద్దు. మెత్తటి ప్లాస్టిక్ లాంటి మొనతో గొట్టపు మేగజైన్ కోసమే చేసిన బుల్లెట్లు హోర్నడీ వంటి కంపెనీలు అమ్ముతున్నాయి. చూపుకు అలాగే ఉండే గట్టి ప్లాస్టిక్ మొనవి కూడా బజారులో ఉంటాయి. డబ్బా మీద లీవర్ రైఫిల్‌కు పనికొస్తుందని రాసి ఉంటేనే తీసుకోవాలి.

2. ప్రైమర్

ప్రైమర్ తొడుగు అడుగుకు సమంగా కాక, వెంట్రుకవాసి లోపలికి దిగి ఉండాలి. పైకి పొడుచుకొని ఉంటే రివాల్వర్‌లో సిలిండర్ తిరగక మొరాయిస్తుంది. అంటే తుపాకీయే తప్పు చెబుతుంది. లీవర్ రైఫిల్ అలా చెప్పదు. పొడుచుకొచ్చిన ప్రైమర్ మీద మేగజైన్‌లో వెనక తూటా ఆనుకొని ఉంటుంది. పైగా లీవర్‌ను విసురుగా మూస్తే, తాళం పూర్తిగా పడకముందే ఆ ప్రైమర్ అంటుకునే అవకాశం ఉంది. తాళం పడని తుపాకీలో తూటా పేలితే ఆ వేడీ ఇత్తడి ముక్కలూ కాల్చేవాడి ముఖం వైపే వస్తాయి.

పోటీల్లో రివాల్వర్ కాల్చేవారు తేలికైన స్ప్రింగులు పెట్టుకొని, వాటికి సరిపడా మెత్తటి ప్రైమర్లు వాడతారు. అవే తూటాలు మేగజైన్‌లోకి వెళితే ఆ మెత్తదనమే శత్రువవుతుంది. నింపిన ప్రతి తూటా అడుగును వేలితో తడిమి, తర్వాత చదునైన అద్దం ముక్క మీద నిలబెట్టి చూడాలి. ఊగితే పక్కన పెట్టాలి.

3. క్రింప్

రివాల్వర్‌లో బుల్లెట్ ముందుకు జారుతుంది. తుపాకీ తొడుగుతో సహా వెనక్కి తన్నుతుంది, బుల్లెట్ ఉన్నచోటే ఉండాలని చూస్తుంది. బిగింపు చాలకపోతే అది తొడుగు నుంచి ముందుకు వచ్చి సిలిండర్‌కు అడ్డు పడుతుంది.

రైఫిల్‌లో ఇది తిరగబడుతుంది. మేగజైన్ స్ప్రింగు ఒత్తిడికి, ప్రతి పేలుడు కుదుపుకు బుల్లెట్ తొడుగులోకి వెనక్కి జారుతుంది. లోపల ఖాళీ తగ్గుతుంది. మందు అంతే, చోటు తక్కువ. కాబట్టి ఒత్తిడి పెరుగుతుంది. మందు మూతకు మించి ఏమీ పెంచకపోయినా తూటా దానంతట అదే బలపడిందన్న మాట.

అందుకే బుల్లెట్ నడుము చుట్టూ గాడి ఉన్నవే ఎంచుకోవాలి. తొడుగు అంచు ఆ గాడిలోకి మడిచినట్టు దిగాలి. గాడి లేని నున్నటి బుల్లెట్‌కు తేలికగా క్రింప్ చేసిన తూటా తక్కువ బలంతో రివాల్వర్‌లో నడుస్తుందేమో గానీ, నిండు మేగజైన్‌లో నిలవదు. తొడుగులన్నీ ఒకే పొడవు ఉండాలి, లేకుంటే ఒకదానికి బిగింపు ఎక్కువ, ఇంకోదానికి తక్కువ అవుతుంది.

పరీక్ష సులువు. ఒక తూటా పొడవు కాలిపర్‌తో కొలిచి రాసుకోవాలి. దాన్ని మేగజైన్‌లో ఉంచి వేరే తూటాలు మూడు నాలుగు కాల్చాలి. తర్వాత దాన్ని బయటకు తీసి మళ్లీ కొలవాలి. పొడవు తగ్గితే ఆ మూటలోని తూటాలు రైఫిల్‌కు పనికిరావు.

4. మొత్తం పొడవు

రివాల్వర్‌కు తూటా సిలిండర్ దాటి బయటకు రాకపోతే చాలు. లీవర్ రైఫిల్‌కు పొడవు ఎక్కువైనా తక్కువైనా ఇబ్బందే. .357 మాగ్నమ్ తూటా మొత్తం పొడవు 1.590 అంగుళాలు, .44 మాగ్నమ్‌ది 1.610 అంగుళాలు మించకూడదని అమెరికా తయారీదారుల ప్రమాణ సంస్థ సామి నిర్ణయించింది. బరువైన బుల్లెట్‌ను పైకి పెట్టి నింపితే కొన్ని రివాల్వర్లలో పట్టినా రైఫిల్ లోపల అడ్డం పడుతుంది.

1873 నమూనా రైఫిళ్లలో తూటాను పైకి ఎత్తే దిమ్మ ఉంటుంది. తూటా పొడవైతే దిమ్మ లేవదు. మరీ పొట్టిదైతే వెనక తూటా అంచు కూడా అందులోకి దూరి ఇరుక్కుంటుంది. బుల్లెట్ మొత్తం తొడుగులోకి దిగిపోయి పైన చదునుగా ఉండే గురి పోటీల .38 తూటాలు రివాల్వర్‌లో ఎంతో బాగుంటాయి, లీవర్ రైఫిల్‌లో చాలావరకు ఇరుక్కుంటాయి.

ఇరుక్కోవడం అసౌకర్యమే కదా, ప్రమాదం ఎలా అని అడగవచ్చు. ఇరుక్కున్న తూటాను స్క్రూడ్రైవర్‌తో పెకలించే ప్రయత్నంలో ప్రైమర్‌కు దెబ్బ తగిలితే అది ప్రమాదమే. అందుకని కొత్త కొలతతో నింపే ముందు మందు లేకుండా, ప్రైమర్ లేకుండా అయిదారు ఉత్తుత్తి తూటాలు చేసుకొని లీవర్ ఆడించి చూడాలి. అవి నిజమైన వాటిలో కలవకుండా తొడుగుకు పక్కన రంధ్రం చేసి ఉంచాలి.

5. బలం చాలని తూటా

చాలామందికి తట్టని సంగతి ఇది. రివాల్వర్ గొట్టం 4 నుంచి 6 అంగుళాలు. రైఫిల్ గొట్టం 16 నుంచి 24 అంగుళాలు. శబ్దం, కుదుపు తక్కువగా ఉండాలని బాగా తక్కువ మందు పోసిన తూటా చిన్న గొట్టం దాటి వెళ్లిపోతుంది. పెద్ద గొట్టంలో రాపిడి ఎక్కువ దూరం ఉంటుంది. వాయువుల తోపు మధ్యలోనే సన్నగిల్లి బుల్లెట్ లోపలే ఆగిపోవచ్చు. రాగి కవచం ఉన్న బుల్లెట్‌కు వట్టి సీసం దానికంటే రాపిడి ఎక్కువ, కాబట్టి ఆగే అవకాశమూ ఎక్కువ.

ఆగిన బుల్లెట్ దానంతట అది హాని చేయదు. దాని వెనక రెండోది కాలిస్తే గొట్టం ఉబ్బుతుంది, లేదా చీలుతుంది. లీవర్ రైఫిల్ గొప్పే త్వరత్వరగా కాల్చగలగడం. ఆ వేగంలో ఒక్క శబ్దం తేడాగా వచ్చిన సంగతి గమనించకపోతే అంతే సంగతులు.

మందు తగ్గిస్తే ఎప్పుడూ క్షేమమే అన్నది తప్పుడు నమ్మకం. హెచ్110, విన్‌చెస్టర్ 296 అనే మందులను పుస్తకంలో ఇచ్చిన కొలత కంటే 3 శాతానికి మించి తగ్గించవద్దని తయారీదారే చెబుతాడు. బాగా తగ్గిస్తే అవి సరిగా అంటుకోవు. పుస్తకంలో కనిష్ఠం అని రాసి ఉంటే దానికి గరిష్ఠానికి ఉన్నంత విలువ ఉంది.

6. బలం మించిన తూటా

సామి ప్రమాణం ప్రకారం ఒక్కో తూటాకు అనుమతించిన గరిష్ఠ ఒత్తిడి, చదరపు అంగుళానికి పౌండ్లలో:

- .45 కోల్ట్: 14,000
- .44 స్పెషల్: 15,500
- .38 స్పెషల్: 17,000
- .38 స్పెషల్ ప్లస్-పి: 20,000
- .357 మాగ్నమ్: 35,000
- .44 మాగ్నమ్: 36,000

.38 స్పెషల్ తొడుగు 1.155 అంగుళాలు, .357 మాగ్నమ్ తొడుగు 1.290 అంగుళాలు. 1935లో .357 వచ్చినప్పుడు అది పాత .38 తుపాకీలో పట్టకుండా కావాలనే పొడవు చేశారు. అందువల్ల .38 తూటాను .357 రైఫిల్‌లో కాల్చవచ్చు, .357ను .38లో కాల్చకూడదు. .44 స్పెషల్‌కూ .44 మాగ్నమ్‌కూ ఇదే వరస. పొట్టి తూటాలు ఎక్కువగా కాలిస్తే చాంబర్‌లో మసి వలయం కడుతుంది. తర్వాత పొడవు తూటా వేస్తే పట్టేస్తుంది. మధ్యలో శుభ్రం చేయాలి.

.45 కోల్ట్ విషయంలో మరింత జాగ్రత్త కావాలి. పుస్తకాల్లో దీనికి వేరుగా ఒక భాగం ఉంటుంది. రూగర్ బ్లాక్‌హాక్ వంటి గట్టి రివాల్వర్లకు మాత్రమే అని పైన రాసి ఉంటుంది. ఆ కొలతలు మామూలు .45 కోల్ట్ కంటే చాలా బలమైనవి. వాటిని 1873 నమూనా రైఫిల్‌లో వేయకూడదు. ఆ నమూనాలో తాళం మోకాలి కీలులా మడిచే లింకుల మీద ఆధారపడుతుంది. జాన్ బ్రౌనింగ్ రూపొందించిన 1892 నమూనాలో రెండు నిలువు ఉక్కు దిమ్మలు తాళం వేస్తాయి కాబట్టి అది గట్టిది. అయినా గట్టిదనం పేరు చూసి ఊహించవద్దు; ఆ రైఫిల్ చేసిన కంపెనీ ఏ తూటాకు హామీ ఇచ్చిందో అదే హద్దు. నూరేళ్ల నాటి రైఫిల్ అయితే తుపాకీ మరమ్మతుదారుకు చూపించాకే తూటా వేయాలి.

ఒకే ఇంట్లో గట్టి రివాల్వర్ ఒకటి, పాత నమూనా రైఫిల్ ఒకటి, రెండూ .45 కోల్ట్ అయితే మూటలు మారిపోయే ప్రమాదం నిజంగా ఉంది. అలాంటి ఇంట్లో బలహీనమైన తుపాకీకి తగిన తూటాలే రెంటికీ నింపడం మంచిది. రెండు రకాలూ నింపి గుర్తుంచుకుంటామనుకోవడం కంటే అసలు ఒకే రకం ఉంచడమే తెలివైన పని.

రెండుసార్లు మందు పడడం మరో గండం. .38, .45 కోల్ట్ తొడుగులు మొదట నల్ల మందు కోసం చేసినవి, లోపల చోటు ఎక్కువ. నేటి మందు అడుగున కొంచెమే కనిపిస్తుంది. రెండోసారి పడినా పొంగిపోదు, పైకి తెలియదు. బుల్లెట్ పెట్టే ముందు తొడుగులన్నీ చెక్క పళ్లెంలో నిలబెట్టి టార్చి వేసి ఒక్కొక్కటీ చూడాలి. ఫోను మోగితే, ఎవరైనా పిలిస్తే, చేతిలో ఉన్న తొడుగులో మందు పారబోసి మళ్లీ మొదలుపెట్టాలి.

7. బుల్లెట్, గొట్టం, వేగం

158 గ్రెయిన్ల .357 బుల్లెట్ రివాల్వర్‌లో సెకనుకు 1,200-1,300 అడుగుల వేగంతో పోతే, నిదానంగా మండే మందుతో రైఫిల్‌లో 1,700 అడుగులు దాటగలదు. రివాల్వర్ వేగానికి చేసిన పలుచని కవచపు బుల్లెట్ ఆ వేగానికి ముక్కలవుతుంది. మెత్తటి సీసం బుల్లెట్ గొట్టం లోపల సీసాన్ని పూసి వదులుతుంది. అది పేరుకుంటే గురి పోతుంది, గొట్టం ఇరుకవుతుంది. రైఫిల్ కోసమైతే గట్టి సీసం, రాగి అడుగు ఉన్నది, లేదా పూర్తి కవచం ఉన్నది వాడతారు. .44 మాగ్నమ్‌లో రైఫిల్ గొట్టాలు రివాల్వర్ కంటే కొద్దిగా వెడల్పుగా ఉండడం కద్దు. కాబట్టి గొట్టం లోపలి కొలత తెలుసుకొని బుల్లెట్ ఎంచుకోవాలి.

కొత్త మిశ్రమం ఏదైనా పుస్తకంలోని ఆరంభ కొలత నుంచి మొదలుపెట్టి కొద్దికొద్దిగా పెంచాలి. ప్రైమర్, బుల్లెట్, తొడుగు, మందు, వీటిలో ఏ ఒక్కటి మారినా మళ్లీ మొదటికే రావాలి. .357, .44 మాగ్నమ్‌లకు రైఫిల్ కొలతలు విడిగా ఇచ్చే పుస్తకాలున్నాయి. రివాల్వర్ పేజీ కాక ఆ పేజీ చూడాలి.

రేంజిలో

శబ్దం మామూలుగా కాక తుస్సుమన్నా, కుదుపు తగ్గినా వెంటనే ఆపాలి. లీవర్ తీయకూడదు. గొట్టం మూతి గురి వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగాలి. మందు ఆలస్యంగా అంటుకోవచ్చు. తర్వాత తుపాకీ పూర్తిగా ఖాళీ చేసి, గొట్టంలో కడ్డీ దించి అడ్డు లేదని తేలాకే రెండో తూటా వేయాలి. లీవర్ రైఫిల్‌లో వెనక నుంచి నేరుగా గొట్టంలోకి చూడడం కుదరదు. మూతి వైపు నుంచి కన్ను పెట్టడం అంతకంటే వద్దు. కడ్డీ దించడమే పద్ధతి.

తొడుగు బయటకు రావడానికి మొరాయించినా, ప్రైమర్ మరీ చదునైపోయినా, తొడుగు చీలినా ఆ మూటలోని మిగతావన్నీ ఆపేయాలి. కళ్లద్దాలు, చెవులకు రక్షణ పక్కన నిలబడిన వాళ్లకూ ఉండాలి.

కాల్చడం అయిపోయాక మేగజైన్ ఖాళీ అయిందని లెక్కపెట్టి ఊరుకోవద్దు. ట్రిగ్గర్ మీద వేలు లేకుండా, మూతి గురి వైపు ఉంచి, లీవర్ మళ్లీ మళ్లీ ఆడించాలి. చాంబర్‌లోకీ మేగజైన్ నోట్లోకీ కంటితో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకోవాలి. ముందు నుంచి తూటాలు పోసే రకాల్లో లోపలి గొట్టం బయటకు లాగినా, చాంబర్‌లో ఒకటి మిగిలి ఉండవచ్చు.

ఇంట్లో

ప్రతి డబ్బా మీద తేదీ, తూటా పేరు, మందు పేరు, ఎంత పోశారు, బుల్లెట్ బరువు, ప్రైమర్ రకం, మొత్తం పొడవు, ఏ తుపాకీ కోసం అన్నవి రాయాలి. చీటీ లేని డబ్బా ఎంత బాగా కనిపించినా కాల్చకూడదు. స్నేహితుడు నింపి ఇచ్చినవి, సంతలో దొరికినవి కాల్చకూడదు. ఇతరులకు ఇవ్వనూ కూడదు. అమెరికాలో సొంతానికి నింపుకోవడానికి ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు గానీ, అమ్మాలంటే కావాలి. ఇంట్లో నింపిన తూటాలు వాడితే చాలా తుపాకీ కంపెనీలు హామీ రద్దు చేస్తాయన్నది కూడా గుర్తుండాలి.

మందు దాని సొంత డబ్బాలోనే ఉండాలి. బల్ల మీద ఒకేసారి ఒక్క మందు డబ్బా మాత్రమే ఉండాలి. ప్రైమర్లు వచ్చిన పెట్టెల్లోనే, మందుకు దూరంగా ఉండాలి.

పెద్దలు ముఖ్యంగా అడగవలసింది సీసం గురించి. కాలిన ప్రైమర్ మసిలో, తొడుగులు శుభ్రం చేసే యంత్రం దుమ్ములో సీసం ఉంటుంది. పసిపిల్లలకు, గర్భిణులకు అది చాలా చెడ్డది. ఆ బల్ల దగ్గర తినకూడదు, కాఫీ తాగకూడదు. పని అయ్యాక చేతులు చల్లటి నీళ్లతో సబ్బు పెట్టి కడగాలి. ఆ బట్టలు మనవల బట్టలతో కలిపి ఉతకకూడదు. ఆ గదిలో పాకే బిడ్డను వదలకూడదు. తుపాకీలు, తూటాలు వేర్వేరుగా తాళంలో ఉండాలి.

చట్టం: వీసా, విమానం, స్వదేశం

అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం వలసేతర వీసా మీద ఉన్నవారు తుపాకీ గానీ తూటా గానీ కలిగి ఉండడం నిషేధం. హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1, పిల్లల్ని చూడడానికి వెళ్లే బి-2, అన్నీ ఇందులోకే వస్తాయి. హెచ్-1బి మీద ఉండి గ్రీన్ కార్డు వరసలో ఏళ్ల తరబడి నిలబడ్డవారూ అంతే. చట్టంలో కొన్ని మినహాయింపులున్నాయి. సామాన్యంగా వాడేది అమెరికాలోని ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు చేతిలో ఉండడం. గ్రీన్ కార్డు వచ్చినవారికి ఈ నిషేధం వర్తించదు. ఉల్లంఘనకు గరిష్ఠ శిక్ష 15 ఏళ్ల జైలు; దేశం నుంచి పంపేయడమూ జరగవచ్చు.

రేంజిలో అద్దె తుపాకీ పది నిమిషాలు పట్టుకుంటే కూడా కేసవుతుందా అని అడిగేవారికి రెహైఫ్ కేసు చెప్పాలి. విద్యార్థి వీసా మీద వెళ్లి, చదువు సాగక హోదా కోల్పోయిన యువకుడు రేంజికి వెళ్లి తుపాకులు కాల్చాడు. దాని మీదే కేసు పెట్టి 18 నెలల శిక్ష వేశారు. 2019లో అమెరికా సుప్రీంకోర్టు, తనకు హోదా లేదన్న సంగతి అతనికి తెలుసని కూడా ప్రభుత్వం రుజువు చేయాలని చెప్పి ఆ తీర్పును పక్కన పెట్టింది. రేంజిలో కాల్చడం నేరం కాదని మాత్రం కోర్టు అనలేదు. కాబట్టి ‘నాన్నగారూ, ఒక్కసారి పట్టుకోండి, ఫోటో తీస్తాను’ అన్నప్పుడు వద్దనడమే మర్యాద. రాష్ట్రాల చట్టాలు వేరువేరుగా ఉంటాయి. సందేహం ఉంటే అక్కడి వకీలునే అడగాలి.

తిరుగు ప్రయాణంలో మరో సంగతి. రేంజికి తీసుకెళ్లిన సంచినే విమానానికి సర్దుకుంటే అడుగున ఒక తూటా మిగిలి ఉండవచ్చు. మన విమానాశ్రయాల్లో అది కనిపిస్తే 1959 ఆయుధాల చట్టం కింద కేసవుతుంది. తూటాలు దేశంలోకి తేవాలన్నా లైసెన్సు కావాలి. చట్టం తూటా అన్నప్పుడు దాని భాగాలను కూడా కలిపి చెబుతుంది కాబట్టి, మనవడికి బొమ్మగా పనికొస్తుందని ఖాళీ తొడుగు కూడా తేవద్దు. కొత్త సంచి వాడడం అన్నిటికంటే చౌకైన జాగ్రత్త.

అక్కడ నేర్చిన విద్య ఇక్కడ చూపాలని ఎవరూ అనుకోవద్దు. లైసెన్సు లేకుండా తూటాల తయారీకి 2019 సవరణ తర్వాత కనీసం 7 ఏళ్ల నుంచి యావజ్జీవం వరకు శిక్ష ఉంది. తాతల నాటి లైసెన్సు తుపాకీ ఉన్న ఇళ్లకూ ఇదే వర్తిస్తుంది. తుపాకీ లైసెన్సు తూటాలు నింపే లైసెన్సు కాదు.

ఒక్క చూపులో

1. ముక్కు చదునుగా ఉందా?
2. ప్రైమర్ లోపలికి దిగి ఉందా?
3. బుల్లెట్ గాడిలో క్రింప్ పడిందా?
4. పొడవు ఈ రైఫిల్‌లో ఉత్తుత్తి తూటాతో సరిచూశారా?
5. మందు కొలత పుస్తకంలోని కనిష్ఠ, గరిష్ఠాల మధ్య ఉందా? ఆ కొలత రైఫిల్‌కు ఇచ్చినదేనా?
6. ప్రతి తొడుగులో టార్చి వేసి చూశారా?
7. డబ్బా మీద చీటీ ఉందా, అది ఈ తుపాకీ పేరే చెబుతోందా?
8. పట్టుకునే ప్రతి ఒక్కరికీ చట్టం అనుమతి ఉందా?

ఎనిమిదింటిలో ఒక్కదానికి ‘లేదు’ అన్నా, ‘ఏమో’ అన్నా ఆ తూటా డబ్బాలోనే ఉండాలి. చేతులు కాలాక ఆకులు పట్టుకొని లాభం లేదని మన పెద్దలు ఊరికే అనలేదు. వచ్చే ఆదివారం వీడియో కాల్‌లో మీ అబ్బాయితోనో, అల్లుడుగారితోనో ఈ ఎనిమిది ప్రశ్నలు ఒకసారి చదివి వినిపించండి.